దుక్కి ఎందుకు? మూడు శతాబ్దాల్లో మారిన సమాధానాలు

సేద్యపు పనుల్లో దుక్కి అతి ప్రాచీనమైనది. రైతు అనగానే కళ్లముందు మెదిలేది నాగలే. అయినా నేలను ఎందుకు దున్నాలన్న ప్రశ్నకు శాస్త్రం చెప్పిన సమాధానం గత మూడు వందల ఏళ్లలో పలుమార్లు మారింది. మొక్కకు మట్టినే ఆహారంగా అందించడానికని ఒక తరం చెప్పింది. నేలలోని తేమను కాపాడడానికని మరో తరం, కలుపును అణచడానికని ఇంకో తరం చెప్పాయి. చాలా సందర్భాల్లో దున్నకపోవడమే మేలని ఆ తర్వాతి తరం వాదించింది. సమాధానం మారినప్పుడల్లా పొలంలో పని కూడా వెంటనే మారిందా అంటే అదీ లేదు. పాత కారణం చెల్లదని తేలిన తర్వాత కూడా పాత పని దశాబ్దాల తరబడి కొనసాగింది.

శాస్త్ర సమూహాల్లో సిద్ధాంతాలు, పద్ధతులు ఎలా మారతాయో తెలుసుకోవడానికి ఈ చరిత్ర మంచి ఉదాహరణ. వ్యవసాయ విస్తరణలో పనిచేసేవారికి దీని అవసరం మరింత ఎక్కువ. రైతుకు ఇచ్చే ప్రతి సిఫారసు వెనుక ఒక కారణం ఉంటుంది. ఆ కారణం ఇంకా నిలిచి ఉందో లేదో చూడకుండా సిఫారసును మాత్రమే తరం నుంచి తరానికి అందిస్తే, రైతు వెచ్చించే ఇంధనం, కూలి, పదును వృథా అవుతాయి. కొన్నిచోట్ల నేలే కొట్టుకుపోతుంది.

మట్టే ఆహారమన్న సిద్ధాంతం

ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌కు చెందిన జెత్రో టల్ 18వ శతాబ్దం ఆరంభంలో విత్తనాన్ని వరుసల్లో వేసే గొర్రును రూపొందించాడు. దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో వరుసల మధ్య నేలను తరచు గుల్లచేయడం గమనించి, అదే పద్ధతిని ధాన్యపు పైర్లకు వర్తింపజేశాడు. గుర్రంతో లాగించే గుంటకతో చేసే ఈ సేద్యాన్ని 1730ల తొలినాళ్లలో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు.

ఆయన చెప్పిన కారణం నేటి విద్యార్థికి వింతగా తోస్తుంది. మట్టిలోని అతి సూక్ష్మమైన రేణువులనే వేళ్లు మింగుతాయని, నేలను ఎంత మెత్తగా పొడిచేస్తే మొక్కకు అంత ఆహారం అందుతుందని టల్ నమ్మాడు. ఎరువు చేసే పని కూడా మట్టిని విడదీయడమేనని, ఆ పనిని దుక్కి, అంతరకృషి ఇంకా బాగా చేస్తాయని భావించాడు.

1804లో సస్యూర్, 1840లో లీబిగ్ ప్రకటించిన రచనలతో ఈ సిద్ధాంతం నిలువలేకపోయింది. మొక్క శరీరంలో అధికభాగం గాలిలోని కార్బన్ డయాక్సైడు, నీటి నుంచి ఏర్పడుతుందని, వేళ్లు తీసుకునేవి నీటిలో కరిగిన లవణాలని స్పష్టమైంది. కాని వరుసల్లో విత్తడం, వరుసల మధ్య గుంటక తోలడం ఆగలేదు. ఆగవలసిన అవసరమూ లేదు. టల్ పొలంలో పంట బాగా పండడం నిజం. తప్పు ఆయన చెప్పిన కారణంలో ఉంది. ఆ స్థానం ఖాళీ అయ్యేసరికి, జరుగుతున్న పనికి కొత్త కారణం కావలసి వచ్చింది.

దీపపు వత్తి, పొడిమట్టి పొర

కొత్త కారణం 19వ శతాబ్దం చివర అమెరికాలో భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఫ్రాంక్లిన్ కింగ్, నేలలో నీటి కదలికను ప్రయోగాల ద్వారా అధ్యయనం చేశాడు. దీపపు వత్తిలో నూనె పైకి పాకినట్టే నేలలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి పాకి ఆవిరైపోతుందన్నది ఈ ఆలోచన సారాంశం. పైపొరను గుల్లచేసి పొడిమట్టిగా మారిస్తే వత్తి తెగిపోతుంది. కింది తేమ కిందే నిలిచిపోతుంది. కనుక ప్రతి వాన తర్వాత పైపొరను కదపాలన్న సిఫారసు పుట్టింది.

దక్షిణ డకోటాకు చెందిన హార్డీ కాంప్‌బెల్ ఈ ఆలోచనను మెట్టసాగుకు ఒక సంపూర్ణ విధానంగా మలచి ప్రచారం చేశాడు. మైదాన ప్రాంతాల్లో స్థిరనివాసాలు పెరగాలని కోరుకున్న రైల్వే కంపెనీలు ఆయనకు అండగా నిలిచాయి. పాఠ్యపుస్తకాలు, కరపత్రాలు, రైతు సభలు ఈ సూత్రాన్ని ఊరూరా మోసుకుపోయాయి.

మెట్టసాగు పరిశోధన భారతదేశంలో 1923లో పుణె సమీపంలోని మంజ్రీలో మొదలైంది. 1930ల మధ్యనాటికి షోలాపూర్, బీజాపూర్, హగరి, రాయచూరు, రోహ్‌తక్ కేంద్రాలు ఏర్పడ్డాయి. వీటిలో హగరి అప్పటి మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండగా, రాయచూరు నిజాం రాజ్యంలో ఉండేది. రాయలసీమ, తెలంగాణ మెట్టభూముల సేద్యానికి ఈ రెండూ అతి దగ్గరి కేంద్రాలు. గట్లు వేయడం, పశువుల ఎరువు వాడడం, విత్తన మోతాదు తగ్గించి వరుసల మధ్య ఎడం పెంచడం, మూడేళ్లకోసారి లోతుగా దున్నడం, తరచు అంతరకృషి చేయడం ఆనాటి మెట్టసాగు సిఫారసుల్లో ముఖ్యమైనవి. తేమను కాపాడడమే వీటన్నింటి లక్ష్యం.

కలుపును విడదీసి చూసిన ప్రయోగం

పొడిమట్టి పొర సిద్ధాంతం విస్తరిస్తున్న కాలంలోనే దానిని ప్రశ్నించే ఫలితాలు కూడా వెలువడ్డాయి. అంతరకృషి చేసినప్పుడు ఒకేసారి రెండు పనులు జరుగుతాయి. పైపొర గుల్లవుతుంది, కలుపు చస్తుంది. పంట పెరిగిందంటే ఈ రెండింటిలో దేని వల్ల పెరిగింది? రెండింటినీ విడదీసి చూడకపోతే సమాధానం దొరకదు.

అమెరికా వ్యవసాయశాఖకు చెందిన కేట్స్, కాక్స్ ఆ పని చేశారు. మొక్కజొన్నలో ఒక మడిలో మామూలుగా అంతరకృషి చేయించారు. పక్క మడిలో మట్టిని గుల్లచేయకుండా, పారతో నేలను పైపైన గీకి కలుపును మాత్రమే తీయించారు. పలు రాష్ట్రాల్లో కొన్నేళ్లపాటు చేసిన 125 ప్రయోగాల సగటు 1912లో వెలువడింది. కలుపు మాత్రమే తీసిన మళ్లలో గింజ దిగుబడి, అంతరకృషి చేసిన మళ్ల దిగుబడిలో సుమారు 99 శాతం ఉంది. మట్టిని గుల్లచేయడం వల్ల అదనంగా కలిగిన లాభం దాదాపు లేదు. 1917లో కాన్సాస్‌కు చెందిన కాల్, సీవెల్ కూడా కలుపు లేకుండా ఉంచిన నేలలో పొడిమట్టి పొర తేమను ప్రత్యేకంగా కాపాడలేదని చూపారు.

1927లో కాలిఫోర్నియా శాస్త్రవేత్త వైమేయర్ మట్టి నింపిన తొట్లను తూకం వేసి, నీటి నష్టాన్ని నేరుగా కొలిచాడు. పైపొరను కదిపిన తొట్లు, కదపని తొట్లు దాదాపు ఒకే స్థాయిలో నీటిని కోల్పోయాయి. భూగర్భజలం చాలా లోతున ఉన్న నేలలో కేశనాళికల ద్వారా నీరు పైకి చేరడం అతి నెమ్మదిగా జరుగుతుంది. పైన కొద్ది అంగుళాల మట్టి ఎండితే ఆ ఎండిన పొరే కింది తేమకు మూతగా పనిచేస్తుంది. లోతైన పొరల నుంచి నీటిని వేగంగా తోడేవి మొక్కల వేళ్లే. కలుపు వేళ్లు కూడా అదే పని చేస్తాయి. కనుక అంతరకృషి తేమను కాపాడుతుందన్న రైతు అనుభవం నిజమే. ఆ తేమ మిగిలింది ప్రధానంగా కలుపు చావడం వల్ల.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో కూడా ఈ ప్రశ్నపై పని జరిగింది. 1919లో అక్కడ చేరిన రొనాల్డ్ ఫిషర్ యాదృచ్ఛిక అమరిక, పునరావృతం ఆధారంగా క్షేత్ర ప్రయోగాల తీరును మార్చివేశాడు. నేలలోని సహజ భేదాలను, ప్రయోగ ప్రభావాన్ని వేరుచేసి లెక్కించడం సాధ్యమైంది. ఈ కొత్త పద్ధతులతో కీన్, రసెల్ మొదలైనవారు దుక్కి ప్రయోగాలు జరిపారు. విత్తనపు మడి తయారీకి, కలుపు నివారణకు సరిపడినంత దున్నిన తర్వాత అదనంగా చేసే దుక్కులు దిగుబడిని చెప్పుకోదగినంతగా పెంచలేదని వారు కనుగొన్నారు. అంతకుముందు ఒకే పెద్ద మడి ఫలితం చూసి చెప్పుకున్న తేడాలు ఎన్నో కొత్త లెక్కల ముందు నిలవలేదు. కొలిచే తీరు మారేసరికి సిద్ధాంతం బలం కూడా మారింది.

పత్రిక నుంచి కరపత్రానికి

1912 నాటికే ఇంత స్పష్టమైన ఫలితం ఉండగా, పొడిమట్టి పొర సిఫారసు తర్వాత కూడా ఎందుకు నిలిచింది? పోలండుకు చెందిన వైద్యశాస్త్రవేత్త లుడ్విక్ ఫ్లెక్ 1935లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి ప్రశ్నకు దారి చూపే విశ్లేషణ ఉంది. శాస్త్రజ్ఞానం ఒక్క వ్యక్తిది కాదని, ఒకే తీరున ఆలోచించడానికి అలవాటుపడిన సమూహానిదని ఫ్లెక్ అన్నాడు. పరిశోధన పత్రికలో ఒక ఫలితం సందేహాలతో, షరతులతో కనిపిస్తుంది. కరదీపికలోకి వచ్చేసరికి సందేహాలు తగ్గుతాయి. పాఠ్యపుస్తకంలోకి, ప్రజలకు చెప్పే మాటల్లోకి చేరేసరికి అది తిరుగులేని సత్యంగా స్థిరపడుతుంది. 1962లో థామస్ కూన్ శాస్త్ర విప్లవాలపై రాసిన ప్రసిద్ధ గ్రంథపు ముందుమాటలో ఫ్లెక్‌ను స్మరించాడు. ఒక చట్రం కూలి మరొకటి వచ్చే సందర్భాలపై కూన్ దృష్టి ప్రధానంగా నిలిచింది. వ్యవసాయశాస్త్రంలో మార్పు చాలావరకు ఫ్లెక్ చెప్పిన తీరున, మెల్లగా, అంచెలంచెలుగా జరిగినట్టు దుక్కి చరిత్ర సూచిస్తుంది.

పొడిమట్టి పొర విషయంలో మరో కారణం కూడా ఉంది. సిద్ధాంతం వీగిపోయినా, కలుపును చంపడానికి ఆనాటి రైతుకు దుక్కి, గుంటక, పార తప్ప వేరే మార్గం లేదు. శాస్త్రవేత్త చెప్పిన కారణం తప్పయినా రైతు చేసే పని అవసరమే. కనుక ఆ కారణాన్ని సరిదిద్దాలన్న తొందర ఎవరికీ కలగలేదు.

ఈ ఆలస్యానికి మూల్యం లేకపోలేదు. 1930లలో అమెరికా మైదానాలను ధూళి తుపానులు ముంచెత్తాయి. వరుస కరవులు, గడ్డిభూములను విచక్షణ లేకుండా దున్నివేయడం అందుకు ముఖ్య కారణాలు. అయితే పైరు లేని కాలంలో నేలను మళ్లీమళ్లీ దున్ని పొడిచేసి ఉంచిన అలవాటు కూడా గాలికి మట్టిని సిద్ధంగా అందించింది. తేమను కాపాడుతుందని నమ్మిన పొరే ఎగిరిపోయింది. 1935లో అమెరికా నేల సంరక్షణ చట్టాన్ని తెచ్చుకోవలసి వచ్చింది.

సాధనం దొరికాక మారిన అభిప్రాయం

1943లో ఎడ్వర్డ్ ఫాక్‌నర్ రచించిన ఒక పుస్తకం నాగలిని బహిరంగంగా దోషిగా నిలబెట్టింది. ఆయన గతంలో విస్తరణ ఉద్యోగి. పంట అవశేషాలను లోతున పూడ్చకుండా పైపొరలోనే ఉంచాలని వాదించాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. శాస్త్రవేత్తల నుంచి తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆయన ఆధారాలు చిన్న క్షేత్రాలకు పరిమితమన్న అభ్యంతరంలో న్యాయముంది. అయితే ఆయన అడిగిన ప్రశ్నకు నిలకడైన సమాధానం చాలామంది వద్ద లేదు.

ఆ ప్రశ్నకు పొలంలో సమాధానం దొరకడానికి కలుపు మందులు రావలసి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే 2,4-డి, 1960ల ఆరంభంలో పారాక్వాట్ మార్కెట్లోకి వచ్చాయి. కలుపు చంపే పనిని దుక్కి నుంచి విడదీయడం తొలిసారిగా పెద్ద విస్తీర్ణంలో సాధ్యమైంది. 1962లో కెంటకీ రైతు హ్యారీ యంగ్ ఎకరం కంటే తక్కువ స్థలంలో దున్నకుండా మొక్కజొన్న వేసి చూశాడు. అదే ఏడాది ఒహాయో రాష్ట్రంలోని ఊస్టర్‌లో ట్రిప్లెట్, వాన్ డోరెన్ దుక్కి లేని సాగుపై దీర్ఘకాలిక ప్రయోగం ప్రారంభించారు. 1972లో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో హెర్బర్ట్ బార్ట్స్ నేలకోతతో విసిగి ఈ పద్ధతిని చేపట్టాడు.

1912లో మళ్లలో తేలిన విషయం అర్ధశతాబ్దం తర్వాత సేద్యంగా రూపుదాల్చింది. ఆధారం ఒక్కటే ఉంటే చాలలేదు. పాత పద్ధతి మౌనంగా చేస్తున్న పనిని చేయగల మరో సాధనం కూడా కావలసి వచ్చింది.

డెల్టా మాగాణులు

కృష్ణా, గోదావరి డెల్టా రైతులకు దున్నకుండా విత్తడం కొత్త కాదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులో, బురద పదునుపై మినుము లేదా పెసర చల్లడం అక్కడ చిరకాలంగా ఉన్న ఆచారం. మిగులు తేమతో, మంచుతో ఆ పైరు పండుతుంది. దున్ని విత్తేలోగా పదును ఆరిపోతుందన్న గ్రహింపే దీనికి పునాది. అదను, పదును ఎరిగిన సేద్యం ఇది. దీనికి ఎవరూ శాస్త్రీయ నామం పెట్టలేదు.

ఆ మినుములో పల్లాకు తెగులు, బంగారు తీగ కలుపు సమస్యలు పెరగడంతో, ఈ శతాబ్దపు తొలి దశకంలో గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు అనేకులు వరి తర్వాత మొక్కజొన్న వైపు మళ్లారు. వరి దుబ్బుల మధ్య తాడు పట్టి, పదునులో గుంతలు చేసి గింజలు వేయడం, కలుపు మందుతో కలుపును, వరి దుబ్బుల పిలకలను అదుపు చేయడం ఈ సాగుకు ఆధారం. జీరో టిల్లేజి మొక్కజొన్న అన్న పేరు పల్లెల్లో స్థిరపడింది. ఈ సాగులోనూ జయాపజయాలు కలుపు నివారణపైనే ఆధారపడ్డాయి.

ఉత్తరాది వరి–గోధుమ ప్రాంతంలోనూ ఇదే కథ నడిచింది. 1990లలో హర్యానాలో గుల్లీదండ కలుపు, ఐసోప్రోట్యూరాన్ మందుకు నిరోధకత పెంచుకుంది. దున్నకుండా ముందుగా విత్తిన గోధుమలో ఆ కలుపు తక్కువగా మొలవడం, దుక్కి ఖర్చు మిగలడం రైతులను ఆకర్షించాయి. అప్పటివరకు కలుపును చంపే సాధనంగా పేరున్న దుక్కి, అక్కడ కలుపు విత్తనాలను పైకి తెచ్చి మొలిపించే పనిగా తేలింది.

కొత్త సిద్ధాంతానికీ అదే పరీక్ష

దుక్కి లేని సాగు, నేలపై అవశేషాలు, పంటమార్పిడి అనే మూడు సూత్రాలతో సంరక్షణ సేద్యం నేడు ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. పాత సిద్ధాంతానికి పెట్టిన పరీక్షనే దీనికీ పెట్టాలి. దున్నని నేలల్లో సేంద్రియ కర్బనం పెరుగుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. 2007లో బేకర్, ఆయన సహచరులు ఆ అధ్యయనాలను పరిశీలించి, అధికభాగం నమూనాలు 30 సెంటీమీటర్లు లేదా అంతకంటే తక్కువ లోతు నుంచే తీసినవని చూపారు. మరింత లోతుకు వెళ్లిన అధ్యయనాల్లో కర్బనం పెరుగుదల నిలకడగా కనిపించలేదు. దున్నని నేలలో కర్బనం పైపొరలో చేరితే, దున్నిన నేలలో కింది పొరల్లో ఉంది. గడ్డపార ఎంత లోతుకు దిగిందన్న చిన్న విషయం ఒక పెద్ద నిర్ణయాన్ని ప్రభావితం చేసింది.

2015లో పిటెల్కో, ఆయన సహచరులు 610 అధ్యయనాల్లోని 5,463 పోలికలను కలిపి విశ్లేషించారు. దుక్కి మానడం వల్ల సగటున దిగుబడి తగ్గింది. మిగతా రెండు సూత్రాలను కూడా పాటిస్తే ఆ తగ్గుదల స్వల్పమైంది. పొడి వాతావరణంలో వర్షాధార పంటలకు మూడు సూత్రాలూ కలిసినప్పుడు దిగుబడి పెరిగింది. అంటే లాభం దుక్కి మానడంలో మాత్రమే లేదు. నేలపై కప్పు ఉందా లేదా అన్నది ముఖ్యం.

తెలంగాణ, రాయలసీమ ఎర్రనేలల్లో ఈ షరతు మరింత కఠినమైనది. వాన చినుకుల తాకిడికి ఈ నేలల పైపొర బిగుసుకుపోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఇటువంటి నేలలపై జరిగిన పరిశోధనల్లో గడ్డి పరచినప్పుడు నీటి పారుదల తగ్గింది. కప్పు లేకుండా, దున్నకుండా వదిలిన నేల నుంచి వాననీరు ఎక్కువగా పారిపోయింది. చొప్ప పశువుల మేతకే చాలని ఊళ్లో కప్పుకు గడ్డి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ప్రశ్నకు సమాధానం లేకుండా అక్కడ దుక్కి మానమని చెప్పడం రైతుకు నష్టమే.

నల్లరేగడి విషయం వేరు. ఎండినకొద్దీ లోతైన పగుళ్లు విచ్చి, ఆ గోడల నుంచి తేమ ఆవిరవుతుంది. రబీ జొన్నలో దంతె తోలి పగుళ్లు పూడ్చడం వల్ల తేమ నిలుస్తుంది. వత్తి తెగుతుందన్న పాత కారణం పోయినా, ఈ నేలలో ఈ పనికి సరైన కారణం ఉంది. సరైన కారణం తెలిసినప్పుడే ఆ పని ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చెప్పగలుగుతారు.

విస్తరణలో పాటించదగిన క్రమం

విస్తరణ శాస్త్రవేత్త రాసే కరపత్రంలో ‘మూడుసార్లు దున్నాలి’ అన్న వాక్యం ఉండవచ్చు. దాని పక్కనే దుక్కి ఏ పని కోసమో, ఏ నేలకో, ఆ పనికి మరో మార్గం ఉంటే ఏమి చేయాలో ఒక్క వాక్యంలో రాస్తే, కొత్త ఫలితం వచ్చినప్పుడు ఆ సిఫారసును సరిదిద్దడం సులభమవుతుంది. కారణం రాయని సిఫారసును పరీక్షించే వీలు ఉండదు. స్నాతకోత్తర విద్యార్థి దుక్కి ప్రయోగం రూపొందించేటప్పుడు కలుపును అన్ని మళ్లలో ఒకే స్థాయిలో ఉంచకపోతే, కేట్స్, కాక్స్ కంటే ముందటి గందరగోళంలోకే తిరిగి వెళ్తాడు. నమూనా లోతు, ప్రయోగం నడిచిన సంవత్సరాలు, అవశేషాల పరిమాణం నమోదు కాకపోతే ఆ ఫలితం మరొకరి నేలకు అన్వయించదు.

కలుపు మందులపై నిలిచిన దుక్కి లేని సాగుకు కూడా ఇదే వర్తిస్తుంది. కలుపు మొక్కలు మందులకు నిరోధకత పెంచుకుంటే, దాని ఆధారం కదిలిపోతుంది. అప్పుడు ఏదో ఒక రూపంలో దుక్కి మళ్లీ అవసరం కావచ్చు. అది వెనుకడుగు అనిపించుకోదు. నాగలి కట్టాలా మానాలా అన్న నిర్ణయం ఆ నేలకు, ఆ ఏటి కలుపుకు, ఆ రైతు చేతిలోని సాధనానికి లోబడి ఉండాలి. దానికి ఆధారమైన కారణాన్ని సిఫారసుతో పాటు రైతుకు చేర్చే బాధ్యత విస్తరణ వ్యవస్థది.